ఎనిమిది పేర్లూ నేనే రాశాను

ఆస్ట్రేలియా నుంచి సినిమా తీసేవాళ్ళు వస్తున్నారని కల్లం ఆసామి చెప్పినప్పుడు మేమెవరం నమ్మలేదు. ఎండబోసిన మిరపకాయల్లో సినిమా తీయడానికి ఏముంటుంది? వచ్చేది ఆడమనిషి అన్నాడు. హీరోయినా అని మా వదిన అడిగింది. కాదు, ప్రొడ్యూసర్ అన్నాడు.

"ప్రొడ్యూసరంటే బొజ్జ ఉండాలిగా," అంది వదిన. "తెల్లచొక్కా, మెళ్ళో లావుపాటి గొలుసు."

వచ్చినావిడకి బొజ్జా లేదు, గొలుసూ లేదు. నాకంటే ఐదారేళ్ళు చిన్నదై ఉంటుంది. గుడ్డ టోపీ, మోకాళ్ళ దగ్గర మట్టి అంటిన ప్యాంటు. కెమెరా పెట్టె తనే మోసుకుంటూ కారు దిగింది. దిగీ దిగగానే ఘాటు తగిలి తుమ్మడం మొదలుపెట్టింది. తుమ్ములు ఆగాక కళ్ళు తుడుచుకుని, "నువ్వు అందరూ బాగున్నారా?" అని తెలుగులో అడిగింది.

మేము నోళ్ళు తెరుచుకుని చూశాం. వాళ్ళమ్మది పర్చూరు వైపు ఊరట, పొగాకు పండించిన కుటుంబం. పెళ్ళి చేసుకుని ఆ దేశం పోయింది. ఈవిడ పుట్టిందీ పెరిగిందీ అంతా అక్కడే. తెలుగు అమ్మ నోటి నుంచి విన్నదే తప్ప బయట విన్నది లేదు. అమ్మ తనని నువ్వు అనేది కాబట్టి లోకంలో అందరినీ నువ్వు అనేది.

"ఇదిగో ప్రొడ్యూసరమ్మా," అంది వదిన, "మమ్మల్ని నువ్వు అన్నావంటే అన్నావు. ఆసామిని మాత్రం అనమాక. రేపు కల్లంలోకి రానీడు."

మాది ఎనిమిదిమంది ముఠా. చిలకలూరిపేట హైవే మీద కోల్డ్ స్టోరేజీ ఉంది, దాని వెనక కల్లం. ఎండిన కాయకి తొడిమ తుంచి, తెల్లబారిన తాలు కాయ పక్కకి వేసి, మంచి కాయ కుప్పలో వేయడం మా పని. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే సాయంత్రం దాకా అదే. కాయలు లేని కాలంలో పత్తి తీతకి పోతాం, అదీ లేనప్పుడు ఇంట్లో ఉంటాం. ముఠాని నేను నడుపుతాను. ఆటో మాట్లాడేది, ఎవరొచ్చారో ఎవరు రాలేదో చూసేది, ఆసామి పుస్తకంలో సంతకం చేసేది నేను. ముఠాకి ఒక సంతకం. మా వైపు ఎప్పుడూ అంతే. పెద్దది ఎవరైతే వాళ్ళు అందరి పేర్లూ చెప్పి ఒక్క వేలు పెట్టి వచ్చేవాళ్ళు. నేను వచ్చాక వేలు పోయి సంతకం వచ్చింది. అంతే తేడా.

యాభై రెండేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం రాదు. మా ఊరి బడిలో చేసి రిటైరైన పంతులమ్మగారు పనుల్లేని నెలల్లో, మధ్యాహ్నం పూట, తన వసారాలో మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పింది. ఆవిడ అఆలతో మొదలుపెట్టలేదు. ముందు పేర్లు రాయించింది. ఎవరి పేరు వాళ్ళు, అది వచ్చాక పక్కవాళ్ళ పేరు. నా పేరు తర్వాత నేను నేర్చుకున్నది వదిన పేరే. ఆమె రెండు రోజులు వచ్చి మానేసింది. "నువ్వు నేర్చుకున్నావుగా, నాకెందుకే," అంది. ఒకసారి తన పేరు కాగితం మీద రాయించుకుని, చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇంత పొడుగుందా నేను," అని మడిచి పర్సులో పెట్టుకుంది.

వదిన అంటే మా అన్న భార్య. అన్న పోయి పదిహేనేళ్ళు దాటింది. ఆమెకి ఒక్కతే కూతురు, నాకు మేనకోడలు. ఆ పిల్ల ఐదో తరగతి దాకా చదివి మాతో పనికి వచ్చింది. పదహారేళ్ళప్పుడు చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో చేరి, మిల్లు వాళ్ళ క్వార్టర్సులోనే తోటి పిల్లలతో ఉండేది. నెలకొకసారి వచ్చేది. ఒకసారి పసుపుపచ్చ పంజాబీ డ్రెస్సు వేసుకుని బస్సు దిగి, అటు నుంచి అటే కల్లంలోకి వచ్చింది అమ్మకి చూపిద్దామని. ఎదురుగా నిలబడి ఒక చుట్టు తిరిగింది. ముఠా అంతా చూస్తోంది. వదిన తల ఎత్తి, "ఎవడు కొనిపెట్టాడే?" అంది.

మేము నవ్వాం. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. ఇంటికి వెళ్ళి డ్రెస్సు విప్పి దండెం మీద వేసి, పాత బట్టలు కట్టుకుని తెల్లారి మొదటి బస్సుకి వెళ్ళిపోయింది. మిల్లుకి వెళ్ళలేదు. నెల తర్వాతగానీ ఆ సంగతి మాకు తెలియలేదు. పోలీస్ స్టేషన్‌కి వెళితే ఫొటో తెమ్మన్నారు. పిల్ల ఫొటో ఒకటుంది, దానికి నాలుగేళ్ళున్నప్పటిది. అది ఇచ్చాం. పిడుగురాళ్ళలో చూశామని ఒకరు, హైదరాబాదులో చూశామని ఒకరు అన్నారు. వెళ్ళి వెతికాం. సినిమావాళ్ళు వచ్చేనాటికి తొమ్మిదేళ్ళయింది.

వదిన ఆ మాట ఎప్పుడూ ఎత్తేది కాదు. అందరితో కలిసి నవ్వేది, అందరికంటే ముందు జోకు వేసేది. ఏడాదికి ఒకసారి, కాయల కాలం అయిపోయాక, ఆ పసుపుపచ్చ డ్రెస్సు పెట్టెలోంచి తీసి ఉతికి ఆరేసి మళ్ళీ పెట్టేది. ఎందుకని నేను అడగలేదు.

ప్రొడ్యూసరమ్మ పది రోజులు మా దగ్గర ఉంది. కెమెరా పట్టుకునే అమ్మాయి, ఏం తీయాలో చెప్పే ఒకావిడ, మాటలు పట్టే మైకు పట్టుకున్న ఇంకో అమ్మాయి. అందరూ ఆడవాళ్ళే, అందరూ ఎర్రగా కందిపోయారు. ఈమెకి మాత్రం చేతిలో పనేమీ కనిపించేది కాదు. రోజంతా ఫోను పట్టుకుని, నీళ్ళ సీసాలు అందిస్తూ, ఆసామిని బతిమాలుతూ తిరిగేది.

"ఇంతకీ నువ్వు చేసే పనేందమ్మా?" అని అడిగాను అన్నాల దగ్గర.

"అందరినీ ఒక చోటికి తెచ్చేది నేనే. తిండి, కారు, పర్మిషన్లు, కాగితాలు. ఎవరైనా ఏడిస్తే ఊరుకోబెట్టడం."

"అయితే నువ్వు ముఠా మేస్త్రివి."

ఆ మాట ఆవిడకి ఎంత నచ్చిందంటే పుస్తకం తీసి ఇంగ్లీషులో రాసుకుంది. అప్పటి నుంచి నన్ను మేస్త్రక్కా అని పిలిచేది.

ఆడవాళ్ళ కథలు తప్ప వేరే తీయనని పట్టుబట్టి ఇరవై ఏళ్ళలో నాలుగే తీయగలిగానని చెప్పింది. ఒకటి స్కూలు బస్సు నడిపే ముసలావిడ గురించి. ఇంకొకటి, భర్త పోయాక గొర్రెల మందని ఒంటరిగా కాసుకున్న ఆవిడ గురించి. పెద్ద కంపెనీలు ఏవీ తన వెనక లేవు. ఒక్కో సినిమాకి ఒక్కో గుమ్మం ఎక్కి దిగాలి. ఆ దేశంలో కూడా ఆడదాని కథ అనగానే ఎదుటివాడు వాచీ చూసుకుంటాడట.

ఇప్పుడు తీసేది ఒక వంటావిడ కథ. ఆస్ట్రేలియాలోనూ పత్తి పండుతుంది. అక్కడ తీత మిషన్లతో. చూపు ఆనినంత దూరం ఒకే చేను, అందులో ఒక్క మిషను, దానిమీద ఒక్క మనిషి. ఆ చేలలోనూ జిన్నింగు మిల్లులోనూ పనిచేసేవాళ్ళకి వండిపెట్టే ఒక తెలుగావిడ ఉంటుంది. మా వైపు నుంచి వెళ్ళినామె, తిరిగి రాలేదు. వంట చేస్తున్నంతసేపూ ఆమె చెవిలో అమ్మ మాట వినపడుతూ ఉంటుంది. ఆ అమ్మ మాట కోసమే ఈవిడ ఇంత దూరం వచ్చింది.

"హీరో ఎవరు?" అంది వదిన.

"హీరో లేడు. వంటావిడే."

"ఫైట్లు?"

"ఆమెకీ పొయ్యికీ."

"పాటలు కూడా లేవా? తల్లీ, నీ సినిమా చూడటానికి వచ్చేవాళ్ళకి నువ్వే ఎదురు డబ్బులివ్వాలి."

ప్రొడ్యూసరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, "నిజమే పెద్దక్కా," అంది.

ఆరో రోజునో ఏడో రోజునో మమ్మల్ని ఒక్కొక్కరినీ టిక్కీ మీద, అంటే మిరపకాయలు కుక్కిన గోతం మీద, కూర్చోబెట్టి కెమెరా ముందు పెట్టారు. దూరంగా వెళ్ళిపోయిన కూతురుతో మాట్లాడినట్టు మాట్లాడాలి. నటించక్కర్లేదు, ఏది తోస్తే అది. ఈ ఎనిమిదిమంది మాటల్లోంచి ఒకటో రెండో తీసుకుని సినిమాలో వంటావిడ చెవిలో వినిపిస్తారు.

ఒకామె, "అన్నం తిన్నావా?" అని ఇంకేం చెప్పాలో తెలియక లేచి వచ్చేసింది. ఒకామె, "ఫోను చేయవేందే, నీ నోట్లో మట్టిగొట్ట," అని తిట్టి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చదువుకున్న గర్వంతో, కుమార్తె క్షేమంగా ఉండవలెను అని ఏదో పుస్తకంలో మాట చెప్పాను. అందరూ గొల్లుమన్నారు.

వదిన కూర్చుంది. మొహం తుడుచుకుంది, పైట సర్దుకుంది. ఏదో జోకు వేస్తుందని చూస్తున్నాం. మైకు అమ్మాయి చెయ్యి నొప్పి పుట్టి మార్చుకుంది. అప్పుడు మొదలుపెట్టింది.

"ఏమే. నేను. ఆ పసుపుపచ్చది నువ్వే కొనుక్కున్నావని నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. చూడంగానే తెలిసింది, నీ కష్టంతో నువ్వే కొనుక్కున్నావని. నలుగురూ చూస్తుంటే నా నోరు ఆగలా. బాగుంది నీకు. బాగుందని అనబోయి అట్టా అన్నాను. అది ఉంది, పారెయ్యలా. ఏడాదికోసారి ఉతుకుతున్నా, కొద్దిగా రంగు దిగింది. నువ్వు రాకపోయినా పర్లేదు. నాకు తెలుసని నీకు తెలిస్తే చాలు. అంతే."

ప్రొడ్యూసరమ్మ అటు తిరిగి నిలబడింది. నేను చేతిలో ఉన్న కాయకి తొడిమ తీయడం మర్చిపోయి పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నవ్వింది నేనూ. ఈ తొమ్మిదేళ్ళూ ఒక్క కల్లంలో, ఒక్క కుప్ప దగ్గర, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాం. నాకొక్క మాట చెప్పలేదు.

మర్నాడు ప్రొడ్యూసరమ్మ కాగితాలు తెచ్చింది. మమ్మల్ని తీసిన బొమ్మలు, మా మాటలు సినిమాలో వాడుకోవడానికి మేము ఒప్పుకున్నట్టు. తెలుగులో అచ్చు వేయించి తెచ్చింది, మనిషికి రెండు పేజీలు. ఆవిడ మిల్లులో షూటింగుకి అనుమతి కోసం వెళ్ళాలి, కారు తయారుగా ఉంది. "మేస్త్రక్కా, నువ్వు చదివి వినిపించు. అందరి సంతకాలూ తీసుకో. సాయంత్రం వస్తా," అని నా చేతిలో పెట్టింది.

నా జీవితంలో ఒకరు నన్ను నమ్మి కాగితాలు చేతిలో పెట్టడం అదే మొదలు. కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. అదంతా గట్టి తెలుగు. ఒక చోట, ఈ దృశ్యములను శబ్దములను శాశ్వతముగా విశ్వమంతటా ప్రదర్శించుటకు, అని ఉంది.

"విశ్వమంటే?" అంది వదిన.

"మొత్తం. భూమి, ఆకాశం, చుక్కలు, అన్నీ."

"చుక్కల్లో కూడా ఆడుతుందా ఈ సినిమా?"

"అట్టాగే రాసుంది మరి."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"అయితే అది ఎక్కడున్నా చూస్తది," అంది. నవ్వులాట కాదు. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో ఉన్న వెలుగు నేను మళ్ళీ చూడలేదు. మూడోసారి కూడా ఆ వాక్యమే చదివించుకుంది. అట్లా మొదటి పేజీకే పొద్దెక్కింది. ఆసామి అటూ ఇటూ తిరుగుతూ, "ఏమే, ఇయ్యాల తొడిమలు తీస్తారా, పురాణం చదువుకుంటారా?" అంటున్నాడు. రెండో పేజీ చదవలేదు. అదీ ఇట్లాంటిదే ఉంటుందిలే అనుకున్నాను.

సంతకాల దగ్గరికొచ్చాక, వేలిముద్ర వేయమంటే ముఠా ఒప్పుకోలేదు. మా వేళ్ళకి గీతలు లేవు. ఏళ్ళ తరబడి కాయ తుంచి తుంచి అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషను మా వేళ్ళని గుర్తు పట్టదు. పది వేళ్ళూ పెట్టించి, తుడిపించి, మళ్ళీ పెట్టించి, వెనక క్యూలో వాళ్ళు విసుక్కుంటుంటే రేపు రమ్మంటాడు. ఆ వేలు మళ్ళీ పెట్టమంటే ఎవరికి మనసొస్తుంది?

"నీకొచ్చుగా. నువ్వే రాయి," అంది వదిన. "చక్కగా రాయి, చుక్కల్లో వాళ్ళు కూడా చదవాలి."

రాశాను. ఎనిమిది పేర్లూ నేనే రాశాను. టిక్కీ మీద పలక పెట్టి, పలక మీద కాగితం పెట్టి, ఒత్తులు పోకుండా, గీత వంకర పోకుండా రాశాను. వదిన పేరు అన్నిటికంటే బాగా కుదిరింది. తను వంగి చూసి పర్సులో కాగితం తీసి దాంతో పోల్చుకుంది. సాయంత్రం ప్రొడ్యూసరమ్మ వచ్చి కాగితాలు కవరులో పెట్టుకుని నన్ను కౌగిలించుకుంది. ఆవిడకి తెలుగు చదవడం రాదు.

అది ఫిబ్రవరి. మేలో ఎండలు ముదిరినప్పుడు వదినకి ఆయాసం ఎక్కువైంది. దగ్గు ఎప్పటి నుంచో ఉంది, ఘాటులో పనిచేసేవాళ్ళకి దగ్గు ఎవరికి ఉండదు? గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. నాలుగు రోజులుంది. మూడో రోజు ఆక్సిజన్ గొట్టం పక్కకి లాగి, "సినిమా ఎప్పుడొస్తదంట?" అని అడిగింది. వానలు పోయాక అన్నాను. "దానికి చూడటం కుదురుద్దో లేదో, పనిలో ఉంటది," అంది. నాలుగో రోజు పోయింది.

ప్రొడ్యూసరమ్మకి ఫోను చేసి చెప్పాను. ఏడ్చింది. ఎనిమిదిమందిలోనూ తీసుకున్నది వదిన మాటేనని, సినిమా మొత్తం ఆ మాట మీదే నిలబడిందని, చివర వంటావిడ పొయ్యి ఆర్పేసి కూర్చుని ఆ మాట అంతా వింటుందని చెప్పింది. వదినకి ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. కానీ దిగులు లేదు. మనిషి పోయినా మాట వెళ్తోంది కదా, ఎక్కడికి చేరాలో అక్కడికి చేరుతుంది అనుకున్నాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఆవిడే ఫోను చేసింది. గొంతు వేరుగా ఉంది.

"మేస్త్రక్కా, ఒక మాట అడుగుతా. ఆ సంతకాలు ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను."

"అందరివీ?"

"అందరివీ. తప్పులేమన్నా పోయాయా?"

లైను పోయిందనుకుని హలో హలో అన్నాను.

సినిమాని అక్కడ టీవీలో వేసే కంపెనీ వాళ్ళు కాగితాలన్నీ లాయరుకి ఇచ్చారట. ఆమెకి తెలుగు ముక్క రాదు. అయినా ఎనిమిది కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి, ఇవన్నీ ఒకే చేయి అని చెప్పింది. ఎవరి సంతకం వాళ్ళే, ఒక సాక్షి ముందు పెట్టాలని రెండో పేజీలో ఉందట. రాయడం రానివాళ్ళు వేలిముద్ర వేయొచ్చనీ, కెమెరా ముందు నోటితో చెప్పినా చాలనీ కూడా అందులోనే ఉందట. నేను చదవని పేజీలో.

ముఠాకి ఒక సంతకం అని ఆవిడకి చెప్పాను. మా వైపు ఎప్పుడూ అంతేనని చెప్పాను. ఆవిడ వింది. "నాకు అర్థమైంది అక్కా. వాళ్ళకి అర్థం కాదు. వాళ్ళ భాషలో దీన్ని దొంగ సంతకం అంటారు," అంది.

వారం తిరక్కుండా ప్రొడ్యూసరమ్మ పంపితే గుంటూరు నుంచి ఒక అమ్మాయి కొత్త కాగితాలు తెచ్చింది. నేను సంతకం చేశాను. ఆరుగురు వేళ్ళు వేశారు. గీతల్లేని వేళ్ళయినా కాగితం పట్టుకుంది, మిషనుకి ఉన్న పట్టింపు కాగితానికి లేదు. ఎనిమిదో కాగితం ఖాళీగా తిరిగి వెళ్ళింది.

ప్రొడ్యూసరమ్మ ఊరుకోలేదు. రెండు నెలలు కొట్లాడింది. వదిన ఇష్టపడే మాట్లాడిందని సినిమాలోనే కనపడుతోంది కదా అని అడిగింది. మొదటి కాగితం నిజమైనది కాకపోతే ఏదీ నమ్మలేమన్నారు. చివరికి లాయరు ఒక్క దారి చూపించింది. చనిపోయినామె తరఫున వారసులు ఒప్పుకుంటే వాడుకోవచ్చు.

"ఆమెకి వారసులు ఎవరున్నారు?" అని అడిగింది ప్రొడ్యూసరమ్మ. అడుగుతూనే ఆవిడకి తెలుసు.

"కూతురు."

"ఇంకెవరూ లేరా? నువ్వు?"

"నేను మొగుడి చెల్లెల్ని. నన్నెవరు లెక్కచేస్తారు?"

"ఆ కూతురు సంతకం పెడితే చాలంటున్నారు అక్కా. ఒకవేళ దొరికితే..."

"దొరికితే ఆ ముక్కతో పనేముందమ్మా?" అన్నాను. "ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనే చెబుతాను గదా."

ఫోను పెట్టేద్దామని ఇద్దరికీ ఉంది, ముందు పెట్టేది ఎవరో తెలియలేదు.

ఆ ముక్క నాకు పంపమని ఒకసారి అడిగాను. ఫోనులో పెట్టుకుంటాను, వాట్సాప్‌లో అందరికీ తోస్తాను, ఎక్కడో అక్కడ తగులుతుంది అన్నాను. బయటికి ఇవ్వనని ఆ టీవీ కంపెనీ వాళ్ళకి రాసిచ్చిందట. ఇస్తే సినిమా ఆగిపోతుంది, ఇక ముందు తీయబోయేవి కూడా ఆగిపోతాయి. ఆవిడ నెపాలు చెప్పే మనిషి కాదు. కానీ ఫోనులోనే ఒక్కసారి వినిపించింది. ముందే చెప్పింది, పుస్తకం తెచ్చుకో అక్కా అని. తెచ్చుకుని కూర్చున్నాను. "ఏమే. నేను." అని వదిన గొంతు వచ్చింది. రాయడం మొదలుపెట్టాను. నా రాత ఆమె మాటంత జోరుగా పోదు. మూడో వాక్యం రాస్తుండగానే "అంతే" అనేసింది. ఇంకోసారి పెట్టమని అడగలేకపోయాను, అవతల ఏడుపు వినపడుతోంది. పైన నేను రాసిన మాటల్లో మొదటి మూడు పుస్తకంలోవి. మిగతావి నా జ్ఞాపకంలోవి. బాగుంది నీకు అన్న మాట ముందుందో వెనకుందో ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

సినిమా పూర్తయింది. అక్కడ టీవీలో వేశారట, మంచి పేరు కూడా వచ్చిందట. పోయిన నెల పంతులమ్మగారి వసారాలో ఆవిడ ఫోనులో అందరం చూశాం. గంటన్నర. అక్కడి పత్తి చేలు, మిషన్లు, వంటావిడ. ఆ నటించినామె కూర తిప్పే తీరు చూస్తే వంట చేసే చేయి అని తెలుస్తుంది. చివర పొయ్యి ఆర్పేసి కూర్చుంటుంది. మా ముఠాలో ఒకామె గొంతు వినపడుతుంది, "అన్నం తిన్నావా?" అని. వంటావిడ కళ్ళు తుడుచుకుంటుంది. అయిపోతుంది. ఆ మాట దగ్గర అక్కడ అందరూ ఏడుస్తారని ప్రొడ్యూసరమ్మ ఫోనులో చెప్పింది. ఏడవచ్చు. మంచి మాటే అది.

మధ్యలో మా కల్లం కనపడుతుంది. ఏడుగురం తొడిమలు తీస్తుంటాం. నా పక్కన ఎనిమిదో మనిషి ఉండాల్సిన చోట బొమ్మ అంచు వచ్చేస్తుంది. ఆ అంచున నీలం చీర చెంగు బెత్తెడు కనపడుతుంది, గాలికి ఒకసారి లేచి పడుతుంది. దాన్ని కోసేయడం మర్చిపోయారో, ప్రొడ్యూసరమ్మే కావాలని వదిలేసిందో నాకు తెలియదు. అడిగితే అదీ తీసేస్తారేమోనని అడగలేదు.

ఈ ఏడు కాయల కాలం మళ్ళీ వచ్చింది. వదిన చోట తుళ్ళూరు వైపు నుంచి వచ్చినామె కూర్చుంటోంది. రాజధానికని పొలాలన్నీ పోయాక కూలికి ఇంత దూరం వస్తున్నారు. మంచిదే, పని తెలిసిన మనిషి, ఎక్కువ మాట్లాడదు. ఆసామి పుస్తకంలో ఇప్పుడు ఎవరి వేలు వాళ్ళే వేస్తున్నారు. నేను పట్టుబట్టాను. "ఏందమ్మా కొత్త చట్టం," అని ఆసామి నవ్వుతాడు. ఇంకొకరి పేరు నా చేత్తో నేను రాయను. పసుపుపచ్చ డ్రెస్సు మా ఇంట్లో ఉంది. పోయిన వేసవిలో ఉతికి ఆరేశాను. వదిన చేసేది కాబట్టి చేశాను.

ఇదంతా రాసి పంతులమ్మగారికి చూపించాను. చదివి కళ్ళజోడు తీసి, "ఎక్కడా ఒక్క పేరు లేదేమిటమ్మా?" అని అడిగింది.

"రాయను."

"ఆ పిల్లకి చదవడం వచ్చుగా. ఎక్కడైనా చదివిందే అనుకో, ఇది తన గురించేనని ఎట్లా తెలుస్తుంది?"

"డ్రెస్సు సంగతి రాశానుగా. పసుపుపచ్చది."

"ఊరికి యాభై ఉంటాయి పసుపుపచ్చ డ్రెస్సులు."

నిజమే. ఆవిడ పెన్ను నా వైపు జరిపింది. వాళ్ళమ్మ పేరు ఒక్కటి రాయమంది, ఒక్కటి చాలంది. పలక మీద నేను నా పేరు తర్వాత నేర్చుకున్న పేరు అది, ఎన్నిసార్లు రాశానో. పెన్ను తీసుకున్నాను. కాసేపు పట్టుకుని కూర్చుని, చేయి రాక, పక్కన పెట్టేశాను.